జాడీలోంచి తీసిన ఆలోచన

(సిబ్బంది శిక్షణ కేంద్రంలో కొత్తగా పదోన్నతి పొందిన శాఖాధికారుల ముందు చేసిన ప్రసంగం, మాట్లాడిన తీరులోనే, కొద్ది సవరణలతో)



మీ కార్యక్రమ పట్టికలో ఈ గంటకి 'నిర్ణయాలు తీసుకోవడంలో ఆలోచన పాత్ర' అని అచ్చు వేశారు. ఆ శీర్షిక నేను పెట్టింది కాదు. ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసి 'ఏదైనా మాట్లాడండి' అంటే 'ఆవకాయ గురించి మాట్లాడతాను' అన్నాను. ఆయన ఓ నిమిషం ఆలోచించి ఈ శీర్షిక పెట్టుకున్నారు. భోజనానికి ముందు గంట నాది కాబట్టి మీకు నోరూరితే ఆ తప్పు నాది కాదని ముందే మనవి చేసుకుంటున్నాను.

ఆలోచనకీ ఊరగాయకీ ఏమిటి సంబంధం అంటారా? మన భాష ఎప్పుడో కలిపేసింది. మనం ఏం మాట్లాడుకుంటామో గమనించండి. ఓ విషయం మనసులో 'నానుతోంది' అంటాం. నలుగురి నోళ్ళలో 'నలుగుతోంది' అంటాం. కోపం వస్తే లోపల 'ఉడికిపోతాం'. ఒక శాస్త్రం బాగా తెలిసినవాణ్ణి 'కాచి వడబోశాడు' అంటాం. చెప్పిందే చెబితే 'పులిసిపోయిన మాట'. అబద్ధమైతే 'పచ్చి అబద్ధం', నిజమూ ఒక్కోసారి 'పచ్చి నిజం'. ఇవన్నీ వంటింటి మాటలే. తెలుగువాడు బుర్రతో చేసే పనికి పేర్లు కావలసి వచ్చినప్పుడు తత్త్వవేత్తల దగ్గరికి వెళ్ళలేదు, అమ్మ దగ్గరికి వెళ్ళాడు. కానీ ఒక్క మాట మాత్రం ఎందుకో వాడలేదు. ఆలోచన 'ఊరింది' అని ఎవరూ అనరు. నోరు ఊరుతుంది, బావిలో నీరు ఊరుతుంది, కాయ ఊరుతుంది. ఆలోచన మాత్రం పుడుతుంది, తడుతుంది, మెరుస్తుంది. అంటే ఆలోచన అనేది క్షణంలో వచ్చేదని మన నమ్మకం. ఆ నమ్మకంతోనే నేను తోంగ్‌పాల్ వెళ్ళాను.

తోంగ్‌పాల్ ఎక్కడుందో మీలో చాలామందికి తెలియకపోవచ్చు. భద్రాచలం దాటి, కుంట మీదుగా జగదల్‌పూర్ వెళ్ళే 30వ నంబరు జాతీయ రహదారి ఉంది కదా, ఆ దారిలో సుక్మా దాటాక, దర్భా లోయకి ముందు వచ్చే చిన్న ఊరు. ఛత్తీస్‌గఢ్‌లో, 2012లో ఏర్పడిన సుక్మా జిల్లాలో ఉంది. చుట్టూ సాల అడవి, ఇప్ప చెట్లు, చింత చెట్లు. కాంగేర్ లోయ జాతీయ ఉద్యానవనం అక్కడికి దగ్గరే. ఎక్కువమంది ధుర్వాలు, గోండులు. సంతలో అందరూ కలిసి మాట్లాడుకునే భాష హల్బీ. బదిలీ ఉత్తర్వు చూసి మా బంధువులు ఫోన్లు చేసి ధైర్యం చెప్పారు. వాళ్ళు అంత ధైర్యం చెప్పకపోతే నాకు అంత భయం వేసేది కాదు.

నేను చేరింది ఫిబ్రవరిలో. చింతపండు రాలే కాలం. పొద్దున్నే చెట్ల కింద ఆడవాళ్ళు, పిల్లలు చింతకాయలు ఏరుతూ కనిపించేవారు. బస్తర్ చింతపండుకి జగదల్‌పూర్ పెద్ద మార్కెట్. అక్కణ్ణించి మన వైపుకీ, తమిళనాడుకీ లారీలు వెళతాయి. మనం చారులో పిసుక్కునే చింతపండు ఏ అడవిలో ఎవరు ఏరారో మనకి తెలియదు. నాకూ తెలియదు, అప్పటిదాకా.

చేరిన మూడో వారంలో ఓ మహిళా సంఘం వాళ్ళు వచ్చారు. పదకొండు మంది. చేతిలో ఓ నోటు పుస్తకం, ఓ అర్జీ. సంగతేమిటంటే, చింతపండు రాలిన వెంటనే గుల్లతో సహా అమ్మేస్తే వచ్చేది తక్కువ. గుల్ల తీసి, ఈనెలు లాగి, గింజ తీసి, వానాకాలం దాకా ఉంచి అమ్మితే వచ్చేది ఎక్కువ. కానీ ఇంట్లో ఉప్పూ నూనే కొనాలంటే ఈ వారం డబ్బు కావాలి, వానాకాలం దాకా ఎవరు ఆగగలరు? అందుకని సంఘం రెండు లక్షలు అప్పు తీసుకుని, సభ్యుల చింతపండు తనే కొని, శుభ్రం చేసి నిలవ పెడుతుంది. ధర వచ్చాక అమ్మి అప్పు తీరుస్తుంది. అడిగింది అంతే.

నేను అర్జీ చదివాను. 'ప్రాజెక్టు రిపోర్టు ఏదీ?' అన్నాను. అధ్యక్షురాలు నోటు పుస్తకం ముందుకి జరిపింది. నేను తెరవలేదు. 'చూద్దాం, ఇప్పుడు కుదరదు' అన్నాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. వాళ్ళు వాదించలేదు. లేచి వెళ్ళిపోయారు. వెళుతూ వెళుతూ ఒకావిడ వెనక్కి తిరిగి గోడ మీద గడియారం చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. నడిచి వచ్చిన దూరానికీ లోపల గడిపిన సమయానికీ లెక్క కట్టుకుందేమో.

ఆ సాయంత్రం నా మీద నాకు చాలా గౌరవం కలిగింది. త్వరగా, స్పష్టంగా నిర్ణయం తీసుకున్నాను కదా! శిక్షణ తరగతుల్లో మనకి చెప్పేది అదే కదా!

ఏప్రిల్ చివర్లో మా అమ్మ వచ్చింది. రాజమండ్రి నుంచి, ఆవపిండి, గుంటూరు మిరప్పొడి, రాళ్ళుప్పు, పప్పునూనె, రెండు జాడీలతో సహా వచ్చింది. 'కాయలు అక్కడ దొరక్కపోవునా' అని కాయలు మాత్రం తేలేదు. అది పొరపాటు. ఆవిడకి కావలసింది కొత్తపల్లి కొబ్బరి. కాకపోతే జలాలు. తోంగ్‌పాల్ సంతలో దొరికింది ఊరూ పేరూ లేని అడవి మామిడి. గుప్పెట్లో రెండు పట్టేంత కాయ, పీచు, కొరికితే చెవులదాకా పాకే పులుపు. అమ్మ ఒక ముక్క కొరికి కళ్ళు మూసుకుని చాలాసేపు ఊరుకుంది. తర్వాత 'ఉప్పు లెక్క మార్చాలిరా' అంది.

ఆ లెక్క మార్చడానికి ఆవిడకి రెండు రోజులు పట్టింది. నలభై ఏళ్ళుగా నాలుగు గిన్నెల ముక్కలకి ఒక గిన్నె ఆవపిండి, ఒక గిన్నె కారం, గిన్నెకి కాస్త వెలితిగా ఉప్పు అని కళ్ళు మూసుకుని కలిపే మనిషి, కొత్త కాయ ముందు కూచుని మొదటి నుంచి లెక్క వేసుకుంది. కొద్ది ముక్కలతో చిన్న గిన్నెలో కలిపి చూసింది. రెండో గిన్నెలో ఇంకోలా కలిపింది. 'ఏమిటమ్మా, నీకు రాదా ఆవకాయ?' అన్నాను. 'నాకు ఆ కాయతో వచ్చు. ఈ కాయ నాకు ఇప్పుడేగా పరిచయం' అంది.

ఈ మాట అప్పుడు నా చెవిలో పడింది, బుర్రలో పడలేదు.

జాడీలో పెట్టి వాసెన కట్టింది. మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళే ముందు నేను దొంగతనంగా ఒక ముక్క తీసి అన్నంలో కలుపుకున్నాను. ఘోరం. ఉప్పు ఒకచోట, కారం ఒకచోట, ముక్క ఇంకెక్కడో. ముగ్గురూ ఒకే బస్సులో ఎక్కిన అపరిచితుల్లా ఉన్నారు. అమ్మ పట్టేసింది. 'మూడో రోజు తిరగకలపకుండా జాడీ ముట్టుకున్నవాడికి ఇంకో కాయ దొరకదు' అంది.

ఈ మూడో రోజు వెనక చక్కటి సైన్సు ఉంది. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. ఆవపిండి పొడిగా ఉన్నంతసేపు మామూలు పిండే. తడి తగిలితేనే అందులో ఘాటు పుడుతుంది. అంటే ఆవ ఘాటెక్కడానికి కావలసిన తడిలో కొంత, ఉప్పు బయటికి లాగితే వచ్చిన ముక్క రసమే. ఒకరి ఊట ఇంకొకరికి నిప్పు. మూడు రోజుల్లో ఆ ఊట కిందకి దిగి, నూనె పైకి తేలుతుంది. అప్పుడు తిరగకలిపి, మళ్ళీ పైన నూనె నిలిచేలా సర్దుతారు. నూనె గాలిని ఆపుతుంది, ఉప్పూ పులుపూ ఘాటూ సూక్ష్మజీవుల్ని ఆపుతాయి. ఏడాది నిలవ ఉండే ఈ పదార్థాన్ని ఎవరూ పొయ్యి ఎక్కించలేదు.

గ్రహామ్ వాలస్ అని ఒక ఇంగ్లీషు పండితుడు 1926లో ఆలోచన అనే కళ మీద ఒక పుస్తకం రాశాడు. ఆలోచన నాలుగు మెట్లుగా సాగుతుందన్నాడు. ముందు విషయమంతా పోగు చేసుకోవడం, తర్వాత దాన్ని వదిలేసి వేరే పనిలో పడడం, ఆపైన ఉన్నట్టుండి మెరవడం, చివర సరిచూసుకోవడం. ఫ్రెంచి గణిత మేధావి పాయింకరేకి ఒక చిక్కు లెక్క జవాబు గుర్రపు బస్సు మెట్టు మీద కాలు పెడుతుండగా తట్టిందట. ఆయనే రాసుకున్నాడు. వాలస్ మెట్లు చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ముక్కలు కొట్టడం, వాసెన కట్టడం, నూనె తేలడం, తిరగకలిపి ఉప్పు చూడడం. కాకపోతే మా అమ్మ ఇంగ్లండులో పుట్టలేదు.

ఇక్కడిదాకా విని మీరు ఓ నిర్ణయానికి వచ్చి ఉంటారు: 'ఈయన సంఘం అర్జీని ఊరనివ్వకుండా పచ్చిగా వడ్డించాడు, అదీ ఈయన తప్పు' అని. నేనూ చాలా రోజులు అలాగే అనుకున్నాను. తొందరపడ్డానని అనుకోవడంలో ఓ సుఖం ఉంది లెండి. పనిభారం ఎక్కువ, సిబ్బంది తక్కువ, తొందరపడ్డాం అనేసి ఊరుకోవచ్చు. అసలు సంగతి వేరే అని తెలిసింది ఉప్పు వల్ల.

ఆ అధ్యక్షురాలు మా ఇంటి వెనక వీధిలోనే ఉండేది. మామిడికాయలు తెచ్చి ఇచ్చింది ఆవిడే. బ్యాంకులో నేను చేసిన మర్యాద మా అమ్మకి తెలియదు కాబట్టి ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఒకరికి తెలుగు, ఒకరికి ధుర్వా. మధ్యలో చెరో నాలుగు హిందీ ముక్కలు. రెండో విడత ఆవకాయ కలుపుతున్న రోజు ఆవిడ పక్కనే కూచుని చూస్తోంది. అమ్మ ఏదో వివరంగా చెబుతోంది. ఆవిడ గిన్నెలోకి చూపించి 'చుప్' అంది. అమ్మ టక్కున ఆగిపోయింది. ముఖం ఎర్రబడింది. కాసేపాగి మళ్ళీ మొదలుపెట్టింది. ఆవిడ మళ్ళీ ఇంకాస్త గట్టిగా 'చుప్!' అంది. అమ్మ చెయ్యి కడుక్కుని లోపలికి వచ్చేసింది. 'మన ఇంట్లో కూచుని నన్నే నోరు ముయ్యమంటోందిరా' అంది.

వెళ్ళి అడిగాను. ఆవిడ రాళ్ళుప్పు పొట్లం చూపించింది. వాళ్ళ భాషలో చుప్ అంటే ఉప్పు. ఉప్పు వెయ్యడం మరిచిపోయావు అని చెబుతోంది పాపం!

అమ్మ నిజంగానే మరిచిపోయింది.

ఆ తర్వాత ముగ్గురం ఎంత నవ్వుకున్నామో చెప్పలేను. ధుర్వా భాషని పండితులు పర్జీ అంటారు. బరో, భట్టాచార్య అనే ఇద్దరు 1953లో దాని మీద పుస్తకం తెచ్చారు. బరో, ఎమెనో కలిసి 1961లో ప్రచురించిన ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువులో మన ఉప్పు, పర్జీ వాళ్ళ చుప్, ఆదిలాబాదు కొలాముల సుప్ ఒకే కుటుంబంగా కనిపిస్తాయి. అంటే ఆవిడ మా అమ్మతో మాట్లాడింది మా అమ్మ భాషకి అక్కచెల్లెలి వరస భాష. మొదట్లో ఉన్న ఆ చకారాన్ని మనం ఎప్పుడో పారేసుకున్నాం, వాళ్ళు దాచుకున్నారు. ఊరగాయ ఎవరిది ఎక్కువ కాలం నిలిచిందో చూడండి.

ఆ సాయంత్రం ఆవిడ ఉప్పు గురించి చాలా చెప్పింది. వాళ్ళ పెద్దల కాలంలో అడవిలో ఏరిన సారపప్పు ఇచ్చి, దానికి సరితూగే ఉప్పు పట్టుకెళ్ళేవారట. సారపప్పు ధర ఇవాళ మీకందరికీ తెలుసు. పాయసంలో నాలుగు పలుకులు వెయ్యడానికే ఆలోచిస్తాం. అది ఇచ్చి ఉప్పు! 'అందుకే మేం తూకం చూడకుండా ఏదీ అమ్మం ఇప్పుడు' అంది. 'చింతపండు కూడా?' అన్నాను నోరు జారి. ఆవిడ మామూలుగానే చెప్పుకుపోయింది. ముందటి రెండేళ్ళూ సంఘం తన పొదుపు డబ్బుతోనే కొద్దిగా కొని నిలవ పెట్టి చూసిందట. తేమ తగిలితే నల్లబడుతుందని, ఎత్తుగా మంచె కట్టి దాని మీద పెట్టారట. ఎవరి వాటా ఎంత, ఎన్ని కిలోల గుల్లకి ఎంత పండు దిగింది, ఏ వారం ధర ఎంత పలికింది, అన్నీ రాశారట.

'ఎక్కడ రాశారు?'

'ఆ పుస్తకంలో.'

నేను తెరవని పుస్తకంలో.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకు తెరవలేదు? తొందరా? ఆ రోజు శాఖలో జనం కూడా లేరు. పదకొండు మంది ఆడవాళ్ళు నా గదిలోకి రాగానే నా ముక్కుకి ఒక పాత వాసన తగిలింది. నేను అంతకుముందు కోస్తాలో ఓ శాఖలో ఉండగా సంఘాలకి ఇచ్చిన అప్పులు కొన్ని మొండి బాకీలయ్యాయి. నాకు మెమో వచ్చింది, సంజాయిషీ రాసుకున్నాను, ఓ ఇంక్రిమెంటు దాకా వెళ్ళి ఆగింది. అప్పుడు నా మనసు ఒక జాడీ పెట్టుకుంది. 'సంఘం అంటే జాగ్రత్త' అని దాని మీద చీటీ అంటించింది. అందులో ఉప్పు కన్నా భయం ఎక్కువ. పైన అనుభవం అనే నూనె దట్టంగా పోశాను, గాలి చొరబడకుండా. ఆరేళ్ళ తర్వాత, నాలుగు వందల కిలోమీటర్ల అవతల, వేరే భాష మాట్లాడే, వేరే పంట పండే ఊళ్ళో, మూత తీసి ఒక గరిటె వడ్డించాను. దానికి నిర్ణయం అని పేరు పెట్టాను.

పచ్చి ఆలోచన కాదది, మిత్రులారా. బాగా ఊరినదే. మరీ ఊరినది. నేను ఆ రోజు ఆలోచించనే లేదు, వడ్డించాను.

అమ్మ మాట అప్పుడు బుర్రలో పడింది. నాకు ఆ కాయతో వచ్చు, ఈ కాయ ఇప్పుడేగా పరిచయం.

మర్నాడు ఆవిణ్ణి ఆఫీసుకి పిలిపించి పుస్తకం అడిగాను. చదవడానికి గంటన్నర పట్టింది. అంకెలు హిందీలో, వాక్యాలు హల్బీలో, మధ్యలో ఎవరో బడికెళ్ళే అమ్మాయి గీసిన పువ్వులు. నాబార్డు 1992లో అయిదు వందల సంఘాలతో ప్రయోగంగా మొదలుపెట్టిన బ్యాంకు అనుసంధానంలో సంఘం బాగోగులు చూడడానికి మనకి పంచసూత్రాలు ఇచ్చారు కదా. క్రమంగా సమావేశం, క్రమంగా పొదుపు, లోపల అప్పు ఇచ్చుకోవడం, వేళకి తీర్చడం, లెక్క రాయడం. అయిదూ ఆ పుస్తకంలో ఉన్నాయి, పువ్వులతో సహా.

కానీ అప్పటికి మే నెల వచ్చేసింది. చింతపండు అయిపోయింది. సభ్యులంతా గుల్లతోనే ఊళ్ళోకొచ్చే దళారికి అమ్మేశారు, ఆ వారం ధరకి. ఆవిడ ఆ సంగతి నిష్ఠూరంగా చెప్పలేదు, తేదీలతో చెప్పింది. నిష్ఠూరమే నయం. తప్పు ఒప్పుకుంటూ నేను ఎన్ని కాగితాలు రాసినా చెట్లు ఆ ఏడు మళ్ళీ కాయవు. సంఘంలో ఒకామె కొడుకు జగదల్‌పూర్‌లో ఐటీఐలో చేరాలనుకున్నాడు, ఆ ఏడు చేరలేదు. కారణం అదొక్కటేనా అని నేను అడగలేదు. అడిగే ముఖం లేదు. పై ఏడాది జనవరిలోనే అప్పు మంజూరు చేశాం, వాళ్ళు తీర్చారు, ఆపై ఏడు పరిమితి పెంచాం. ఇదంతా మీకు గొప్పగా చెప్పుకోవడానికి పనికొస్తుంది, పదోన్నతి ఇంటర్వ్యూలో నేను చెప్పుకున్నాను కూడా. ఆ మొదటి ఏడు మాత్రం ఏ నివేదికలోనూ లేదు. ఇవ్వని అప్పు మొండి బాకీ అవదు కదా. మన లెక్కల్లో దానికి పద్దు లేదు.

'ప్రాజెక్టు రిపోర్టు ఏదీ' అన్నానని చెప్పాను. ఆ మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. తోంగ్‌పాల్ పక్కనున్న కాంగేర్ అడవుల్లోనే 1910లో ధుర్వాలు బ్రిటిషువాళ్ళ మీద తిరగబడ్డారు. అడవిని రిజర్వు చేసి జనాన్ని ఊళ్ళలోంచి తోలేస్తుంటే వచ్చిన తిరుగుబాటు. భూమ్‌కాల్ అంటారు. నేతానార్‌కి చెందిన గుండాధుర్ పేరు అక్కడ పిల్లలకి కూడా తెలుసు. కబురు ఎలా పంపారో తెలుసా? మామిడి కొమ్మలు, మట్టిముద్ద, మిరపకాయలు, బాణాలు. ఊరి నుంచి ఊరికి ఇవే తిరిగాయి. అందుకున్న ఊరికి ఏం చెయ్యాలో తెలిసింది. ప్రతి ఊరూ ఏదో ఒకటి ఖర్చులకి ఇచ్చింది. అణచడానికి సర్కారుకి ఫిబ్రవరి నుంచి మే దాకా మూడు నెలలు పట్టింది. గుండాధుర్ మాత్రం దొరకలేదు. రిజర్వు చెయ్యదలచిన అడవిని దాదాపు సగానికి తగ్గించారు.

మామిడీ మిరపకాయా చూస్తే నాకు ఆవకాయ గుర్తొస్తుంది. వాళ్ళు వాటితో ఓ ప్రణాళిక మొత్తం పంపించారు. అలాంటివాళ్ళ మనవరాళ్ళని నేను కాగితం ఏదీ అని అడిగాను. కాగితం కూడా తెచ్చారు, అది వేరే సంగతి.

ఇప్పుడు మీలో ఒకరు లేచి 'అయితే ప్రతి అర్జీనీ మూడు రోజులు ఊరబెట్టాలా సార్' అని అడుగుతారు. కిందటి బ్యాచ్‌లో అడిగారు. అయ్యా, రోటి పచ్చడి అనేది ఒకటుంది. అప్పటికప్పుడు నూరి అప్పటికప్పుడు తినాలి. పింఛను కోసం వచ్చిన ముసలాయన వేలిముద్ర పడకపోతే అది రోటి పచ్చడి. ఆయన్ని రేపు రమ్మని ఊరబెట్టకండి. ఇంకో పక్క, మన ఖాతాదారులకి ఫోన్ చేసి 'మీ మీద కేసు ఉంది, పది నిమిషాల్లో డబ్బు పంపకపోతే అరెస్టు' అని బెదిరించే మోసగాళ్ళున్నారే, వాళ్ళకి ఈ విద్య మనకన్నా బాగా తెలుసు. వాళ్ళు ఎప్పుడూ మూడో రోజు దాకా ఆగనివ్వరు. ఆగితే నూనె తేలిపోతుందని వాళ్ళకి తెలుసు.

పెండింగులో పెట్టడాన్ని మాత్రం ఊరబెట్టడం అనుకోకండి. ఉప్పు వెయ్యకుండా మూత పెడితే లోపల జరిగేది ఊరడం కాదు, కుళ్ళడం. 'పరిశీలనలో ఉంది' అని రాసిన ఫైళ్ళలో పరిశీలన ఎంతో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఉప్పు అంటే నా ఉద్దేశం ఒక ప్రశ్న. ఎదుటి మనిషిని అడిగే ఒక్క ప్రశ్న. అది లోపలున్న నీటిని బయటికి లాగుతుంది. నేను ఆ రోజు 'ఈ పుస్తకంలో ఏముందమ్మా?' అని అడిగి ఉంటే చాలు.

ఆ చింతపండు సంఘం వాళ్ళు నేను వచ్చేసేటప్పుడు ఓ డబ్బా ఇచ్చారు. అందులో చాప్‌డా, అంటే ఎర్ర చీమల పచ్చడి. చెట్ల మీద ఆకులు కుట్టి గూళ్ళు కట్టుకునే చీమలు ఉంటాయి కదా, వాటిని ఉప్పూ మిరపకాయలతో నూరతారు. పులుపు చింతపండుది కాదు, చీమలది. అమ్మ ముట్టుకోలేదు. కానీ డబ్బా మూత తీసి దూరం నుంచి చాలాసేపు వాసన చూసి, 'నిలవ ఉంటుందా?' అని అడిగింది. ఎప్పటికప్పుడు నూరుకుంటారని చెబితే, 'అయితే రోటి పచ్చడే' అని తన పట్టికలో చేర్చుకుంది. నేను తిన్నాను. నాకు బాగానే ఉంది. ఈ సంగతి అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. ఇది మన పత్రికలో వేస్తే ఆ ఒక్క వాక్యం తీసెయ్యమని సంపాదకుల్ని కోరుతున్నాను.

అమ్మకి ఇప్పుడు డెబ్బై తొమ్మిది. మా ఇంట్లో ఉప్పుని చుప్ అనే అంటాం. పిల్లలకి మరో మాట తెలియదేమో అని ఒక్కోసారి భయం. మొన్న వేసవిలో ఆవకాయ కలుపుతూ అమ్మ మధ్యలో ఆగిపోయింది. గిన్నె వైపు చూసింది, ఉప్పు డబ్బా వైపు చూసింది. వేసిందో లేదో గుర్తు రావడం లేదు. అన్నేళ్ళలో మొదటిసారి ఒక ముక్క తీసి నా వైపు చాపి 'చూడరా' అంది. ఇదివరకు నన్ను జాడీ దరిదాపులకి రానిచ్చేది కాదు.

నేను వెంటనే చెప్పలేదు. నాలిక మీద పెట్టుకుని కాసేపు ఉంచాను.

'చుప్ కాస్త పడాలమ్మా' అన్నాను.